మా మామ విన్న మోత

మా మామ పోయిన కబురు నాకు తరగతి గదిలో అందింది. పరీక్షలు దగ్గరపడ్డాయని పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం పాఠాలు మళ్ళీ చెబుతున్నాను. మా ఇంటాయన బడి వేళల్లో ఎప్పుడూ ఫోను చెయ్యరు. అందుకే వరండాలోకి వచ్చి తీశాను. అవతల గాలి చప్పుడు. ఆ చప్పుడులోనే, "నాయన పోయినాడు. ఇంటికి రా," అన్నారు.

మా బడి ఉన్న బత్తలపల్లె నుంచి మా ఊరికి బండి మీద అరగంట దారి. దారి పొడుగునా ఎదురుగాలి, కళ్ళలో ఎర్రమట్టి. ఇల్లు చేరేసరికి మామను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. ముక్కులో, చెవుల్లో దూది పెట్టారు. ఆ చెవుల వైపు చూడగానే ఏడుపు కంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది. ఇక ఆ హోరు ఆగిపోయి ఉంటుంది.

ఆ హోరు గురించి, దాన్ని కాసేపైనా ఆయన తలలోంచి తరిమిన ఒక వింత పాటల గుంపు గురించి మీకు చెప్పాలి. చెప్పకపోతే ఆయన చివరి ఏడాది గురించి ఊరు అనుకున్నదే మిగిలిపోతుంది.

మా మామది పెద్ద గొంతు. ముప్పై ఎకరాల మెట్ట, ఒకప్పుడు నడిచి ఇప్పుడు మూతపడిన చెనిక్కాయల మిల్లు, కొన్నాళ్ళు సర్పంచి పదవి. వయసులో ఉన్నప్పుడు ఊరి కుర్రవాళ్ళతో కలిసి బావులు తవ్వి, అడుగున రాయి తగిలితే తోటాలు పెట్టి పేల్చేవారు. ఒకసారి తోటా వేళ కాకముందే పేలింది. ఎడమచెవి ఆ రోజే పోయింది. కుడిచెవి వయసుతోపాటు తగ్గుతూ వచ్చింది. మేమందరం ఆయన కుడిపక్కకు వెళ్ళి మాట్లాడేవాళ్ళం. ఎప్పుడు చూసినా మంచం చుట్టూ వేయించిన చెనిక్కాయల పొట్టు. నేను ఊడ్చి వెళ్ళిన కాసేపటికే మళ్ళీ అంత పొట్టు. ఎవరైనా ఆయన చెవుల మీద జాలిపడితే, "చెవిటోనికి రెండు లాభాలప్పా. తిట్టు వినపడదు, పొగడ్తా వినపడదు. రెండూ లేకుంటే మనిషి చెడిపోడు," అనేవారు.

మా అత్త పోయిన ఏడు ఆ హోరు మొదలైంది. బయటి చప్పుడు తగ్గేకొద్దీ తల లోపలి చప్పుడు పెరిగింది. "చిమ్మెటలు మ్మా. తలకాయ నిండా చిమ్మెటలు. నిద్దరలో గూడా కూస్తానే ఉంటాయి," అన్నారు నాతో. మొదట్లో పిండిమర దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. ఇంటి ముందు ఎవరైనా ట్రాక్టరు ఆపితే, "ఆపొద్దు, ఉండనీ," అని దాని పక్కనే నిలబడేవారు. పెద్దాయనకు మతి తప్పుతోందని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి.

పోయిన ఆషాఢంలో ఆయన ఆదివారాలు మాయమవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం తిని, కండువా తలకు చుట్టుకుని, గుట్ట అవతలికి నడిచిపోయేవారు. పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేవారు. ఎక్కడికని అడిగితే వినపడనట్టు ఉండేవారు. మా ఇంటాయనకు భయం పట్టుకుంది. గుట్ట అవతల అన్నీ వట్టిపోయిన బావులు. ఒక్కదానికీ గోడ లేదు. పైగా ఆయన నడక కొంతకాలంగా ఎడమకు ఒరుగుతోంది, ఇరుసు అరిగిన బండిలాగా. "యా బావిలోనో పడి ఉంటే మనకు కేక గూడా వినపడదు," అన్నారు మా ఇంటాయన. ఆయన ధర్మవరం పోయిన ఒక ఆదివారం నేనే బండి తీసుకుని మామ వెనుక వెళ్ళాను.

మా వైపు ఆషాఢం గాలి ఎలాంటిదో తెలిసినవాళ్ళకు తెలుసు. వాన ఉండదు, వాన వస్తుందనే బెదిరింపు మాత్రం రోజంతా ఉంటుంది. గుట్ట మీది గాలిమరలు పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి. గుట్ట దిగి మా పాత మిల్లు కనబడేంత దూరానికి వచ్చాక నాకొక కేక వినిపించింది. మనిషిని కోస్తుంటే వచ్చే కేక అది. బండి ఆపేశాను. మళ్ళీ కేక. దాని వెనుక రేకుల మీద రాళ్ళ వాన కురిసినట్టు మోత. తాళం వేసి ఉండాల్సిన మిల్లు తలుపు ఓరగా తెరిచి ఉంది. ఒంటరిగా లోపలికి వెళ్ళకూడదని తెలుసు. కానీ గడప బయట మామ చెప్పులు ఉన్నాయి.

తలుపు తోశాను. లోపల నలుగురు పడుచువాళ్ళు. ఒకబ్బాయి నడుము సగానికి వంచి, మెడనరాలు తేలేలా మైకులోకి అరుస్తున్నాడు. ఒకడు డ్రమ్ములు బాదుతున్నాడు, ఒకడు గిటారును కొరడాలా ఝళిపిస్తున్నాడు. ఒకమ్మాయి గోడ వైపు తిరిగి, లావు తీగల గిటారు పట్టుకుని నిలబడి ఉంది. డ్రమ్ములకు మూరెడు దూరంలో, చెక్కపెట్టె మీద, కళ్ళు మూసుకుని మా మామ.

నాకు తెలిసిన సంగీతం సినిమా పాటలు, భజనలు. ఇది వాటిలో ఏదీ కాదు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ నలుగురూ నాలుగు దిక్కులకు పరుగెత్తుతున్నట్టుంది. చెవులు మూసుకుందామనుకున్నాను. అంతలో ఆ గందరగోళం కింద ఆ అమ్మాయి గొంతు వినిపించింది. సన్నగా, తొందర లేకుండా, పసిపిల్లను జోకొడుతున్నట్టు పాడుతోంది. ఆ గొంతు దొరికాక మిగతాదంతా దాని చుట్టూ కూడుకుంది. అబ్బాయి, "రాయి కోసినాం, రాయి కింద రాయి కోసినాం," అని అరుస్తున్నాడు. అమ్మాయి, "తడి యాడుండాది, తడి యాడుండాది," అని అడుగుతోంది. నా ఒళ్ళు గగుర్పొడిచింది. భయంతోనో మరెందుకో నాకిప్పటికీ తెలియదు.

పాట ఆగాక మామ కళ్ళు తెరిచి నన్ను చూశారు. కంగారుపడలేదు. "వచ్చినావా! కూచో మ్మా. ఇంకొకటి ఉండాది," అన్నారు పెద్ద గొంతుతో.

నేను ఆయన కుడిచెవి దగ్గరికి వంగి, "ఏం వినపడుతుంది మామా మీకు?" అని అడిగాను.

"మాటలు రావు. మోత వస్తాది, ఈడ," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "వీళ్ళు మొదలుపెడితే చిమ్మెటలు నోరు మూసుకుంటాయి. ఇంత మోతలో నాకు నిశ్శబ్దం దొరుకుతాంది. ఎవురికి చెప్పినా నమ్మరు, అందుకే ఊరికే ఉండినా."

వాళ్ళు తమ గుంపుకు తుప్పర అని పేరు పెట్టుకున్నారు. అంత మోతకు సన్నజల్లు పేరు. ఇలాంటి సంగీతాన్ని పోస్ట్-హార్డ్‌కోర్ పంక్ అంటారని ఆ అమ్మాయి చెప్పింది. ఆమెది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. కుట్టు నేర్చుకోవడానికి పోతున్నానని చెప్పి వచ్చేది. బెంగళూరులో షట్టర్లు దించిన గోదాముల్లో రెండు మూడుసార్లు పాడారట. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, సొంత పేర్లు దాచి నెట్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో వింటారట. సొంత ఊళ్ళలో ఒక్కరికీ తెలియదు. అరిచే అబ్బాయి బోరు లారీ మీద పనిచేస్తాడు. సాధన చేసుకోవడానికి చోటు కావాలని దారిన పోతున్న మామను అడిగితే, మామ మిల్లు తాళానికి బీగంచెవి తీసి చేతిలో పెట్టేశారు.

"ఎందుకట్లా అరుస్తావు? గొంతు పోదా?" అని అడిగాను ఆ అబ్బాయిని.

మామూలుగా అతను మాట్లాడేది వినపడీ వినపడకుండా ఉంటుంది. "బోరు వేసేటప్పుడు నీళ్ళు పడక దుమ్ము లేస్తాది కదక్కా. అప్పుడు ఆ చేనాయన మొగం చూసినావా? నేను దినామూ చూస్తాండా. ఆ మొగానికి పాట కడితే ఇట్లానే ఉంటాది," అన్నాడు.

ఆ తర్వాత నేను కూడా చాలా ఆదివారాలు వెళ్ళాను. ఇంట్లో చెప్పాను కూడా. మా ఇంటాయన ఒకసారి వచ్చి, గడపలోనే నిలబడి, ముఖం చిట్లించి వెళ్ళిపోయారు. కానీ తండ్రి బావిలో పడలేదన్న నిమ్మళం ఆయనకు దొరికింది. అది ఎక్కువ రోజులు నిలవలేదు. ఒరిగే నడక సంగతి తేల్చుకుందామని అనంతపురంలో డాక్టరుకు చూపిస్తే, తల లోపల చెవి నరం మీద గడ్డ ఉందని, బాగా పెరిగిందని చెప్పారు. బెంగళూరులో ఆపరేషన్ చేస్తారు, కానీ ఈ వయసులో, ఈ నీరసించిన గుండెతో ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. మామ తల అడ్డంగా ఊపారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి బీడు చేలను చూస్తూ, "బావిలో రాయి తగిలితే పేల్చేటోళ్ళం. ఇది నా తలకాయ గదా," అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు విత్తనం వేశాక వాన మొహం చాటేసింది. మబ్బులు రాలేదని కాదు. రోజూ వచ్చేవి. నల్లగా, నిండుగా వచ్చి మా గుట్ట దాకా దిగి, అక్కడ ఏదో చూసి జడిసినట్టు పక్కకు తిరిగి పోయేవి. ఊళ్ళో కప్పల్ని ఊరేగించారు, గుళ్ళో బిందెలకొద్దీ నీళ్ళు పోశారు. చెనిక్కాయ చెట్లు పూతకు వచ్చి అలాగే మాడిపోతున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టి, మట్టివాసన కూడా వచ్చింది. ఊరంతా వీధిలో నిలబడి ఉంది. అంతలో గాలి మళ్ళింది. ఆ గాలితోపాటు గుట్ట అవతలి నుంచి ఆ అబ్బాయి కేక సన్నగా ఊళ్ళోకి వచ్చింది. చూస్తుండగానే మబ్బు చెదిరిపోయింది.

"ఆ కూతలకే మబ్బు బెదిరి పోతాండాది," అన్నారు ఎవరో. ఎవరన్నారో ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి అందరూ అదే అంటున్నారు.

తర్వాత ఒక్కొక్కటీ జరుగుతూ వచ్చింది. మిల్లు గడప మీద కోసిన నిమ్మకాయలు, కుంకుమ. ఇంకో వారం కరెంటు తీగ తెగి ఉంది. అంగట్లో నాకు సరుకులు కట్టిచ్చే ఆమె నా ముఖం చూడడం మానేసింది. బళ్ళో ఒక పిల్ల, "టీచర్, మీ మిల్లులో దయ్యాన్ని సాకుతాండారంట, నిజమేనా?" అని అడిగింది. నవ్వబోయాను. తరగతిలో ఎవరూ నవ్వడం లేదు.

ఊరి పెద్దమనుషులు ముగ్గురు ఇంటికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన మామకు చిన్నప్పటి స్నేహితుడు. ఆయన మాటలను మామ కుడిచెవిలో నేనే మళ్ళీ చెప్పాను.

"బీగంచెవి వెనక్కి తీసుకో. ఊరు మంచిగా అడుగుతాండాది. రేపు మంచిగా అడగదు," అన్నారాయన.

మామ చెనిక్కాయ ఒలుస్తూ విన్నారు. "మన పెండ్లిండ్లు కాకముందు గూడా ఈ ఊర్లో వాన ల్యాకుండె. అప్పుడు ఎవురు కూసినారప్పా?"

"ఇప్పుడు కూస్తాండేది కనపడతాండాది గదా."

"కనపడేటోన్ని కొడితే కనపడని వాన వస్తాదా? వాన పేరు చెప్పి మనిషిని కొట్టేది కరువు కాదు, మనమే."

ఆ స్నేహితుడు లేచి, టీ తాగకుండా వెళ్ళిపోయారు. ఆ ఇంట్లోవాళ్ళు మా ఇంట్లో టీ తాగకుండా వెళ్ళడం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి.

ఆ ఆదివారం పాతికముప్పై మంది మిల్లు మీదికి వచ్చారు. కొందరి చేతుల్లో కట్టెలు. మేము లోపలే ఉన్నాం. మామ నా భుజం పట్టుకుని, ఒరుగుతూ నడిచి, గడప మీద కూర్చున్నారు. ఎవరు ఏం అరుస్తున్నారో ఆయనకు వినపడడం లేదు. ఒక్కొక్కరి నోరు చూస్తూ, నిదానంగా తల ఊపుతూ కూర్చున్నారు. తర్వాత వెనక్కి తిరిగి, "మీరెందుకు ఆపినారు? వాయించండప్పా!" అన్నారు.

పిల్లల చేతులు ఆడలేదు. ఒక రాయి వచ్చి తలుపు రేకుకు తగిలింది. అప్పుడు ఆ అబ్బాయి మైకు కింద పెట్టి, గడప దగ్గరికి వచ్చి, మామ పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని వట్టి గొంతుతో ఆ రాయి పాట అందుకున్నాడు. వెనుకనుంచి అమ్మాయి గొంతు కలిసింది. ఇంకో రాయి వస్తుందని, అది మామకే తగులుతుందని చూస్తున్నాను.

రాయి రాలేదు. గుంపులో ముందు నిలబడిన ఒక రైతు చేతిలోని కట్టె దించాడు. "ఈ పిల్లోడు మా బోరు లారీ పిల్లోడు. మా చేలో దుమ్ము లేచినప్పుడు నా పక్కన కూచోని నాకు నీళ్ళు తాపినాడు," అన్నాడు పక్కవాడితో. పాట అయ్యేదాకా నిలబడి, ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. పోతూ పోతూ ఒకరు మాత్రం, "ప్రతిసారీ పగలే రాము," అన్నారు.

మామకు ఆ మాట వినపడలేదు. మా ఇంటాయన అప్పుడే చేలోంచి పరుగెత్తుకొచ్చి గుంపు వెనుక నిలబడి ఉన్నారు. ఆయనకు వినపడింది.

మరుసటి ఆదివారం మిల్లు తెరిచేసరికి డ్రమ్ముల తోళ్ళన్నీ కోసి ఉన్నాయి. పెద్ద స్పీకరు పగిలి ఉంది, గిటారు తీగలు తెగి ఉన్నాయి. అమ్మాయి నేలమీద కూలబడింది. మామ ఒక్కో డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, కోసిన అంచును వేలితో తడిమి చూశారు. తిన్నగా, ఒకే గీటున, తొందర లేకుండా కోసిన కోత. తడమడం అయ్యాక ఆయన కండువా తలకు చుట్టుకుని ఇంటిదారి పట్టారు.

ఆ సాయంత్రం మా ఇంటాయన పెరట్లో నాతో అన్నారు. "నేనే కోసినా. మిల్లుకు నిప్పు పెడతామని అనుకుంటాండారు. నాయన లోపల ఉంటాడు. నిప్పు చప్పుడు ఆయనకు వినపడదు." అని తొట్టిలో చేతులు కడుక్కున్నారు. తుడుచుకుని మళ్ళీ కడుక్కున్నారు. ఆయన్ను తిట్టడానికి నోరు రాలేదు, మంచి పని చేశారనడానికీ రాలేదు.

మరునాడు పొద్దున కాఫీ ఇస్తుంటే మామ నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవురు చేసినారని ఆ పిల్లోళ్ళు అడిగితే తెలీదని చెప్పు. మీ ఇంటాయన్ను ఏమీ అనొద్దు మ్మా. కొడుకు గదా, బెదిరినాడు," అన్నారు. ఎలా తెలిసిందో నాకు అర్థమైంది. ఆ కొడుక్కి మిల్లు పట్టీలకు తోలు కోయడం నేర్పింది ఆయనే.

వాన ఆ తర్వాత కూడా రాలేదు. మిల్లు నోరు మూసుకున్నా రాలేదు. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు.

చిమ్మెటలు మళ్ళీ ఆయన్ను పట్టుకున్నాయి. చలికాలమంతా ఆయన తలను రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చునేవారు. పిండిమర దాకా నడవలేకపోయారు. కుడిచెవి కూడా పూర్తిగా పోయింది. నేను పలక మీద రాసి చూపించేదాన్ని. ఒకరోజు పొద్దున ధర్మవరం అమ్మాయి, బోరు లారీ అబ్బాయి ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి తన గిటారుకు కొత్త తీగలు వేయించుకుంది. దాని అంచును మామ పడుకున్న మంచంపట్టెకు ఆనించి, కింద కూర్చుని ఒక్కొక్క తీగ మెల్లగా మీటింది. మంచం సన్నగా వణికింది. మామ చెయ్యి కదిలింది. పట్టె పట్టుకుని, చాలాసేపు అలాగే ఉండి, "ఇది నిదానంగా ఉండాది. మీకు నిదానం గూడా వచ్చునా?" అన్నారు. అమ్మాయి నవ్వుతూ ఏడ్చింది. గడప అవతల మా ఇంటాయన నిలబడి చూస్తున్నారు. లోపలికి రాలేదు, పోనూ లేదు. ఆ తర్వాత వాళ్ళు ఎప్పుడు వచ్చినా ఆయనే కుర్చీ వేసేవారు.

మామ పొద్దున్నే పోయారు. మంచం మీదే, నేను బడికి బయలుదేరాక. ఆ చివరి వారం ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, "నువ్వు ఆ దినం తలుపు తోసినావు చూడు, భయపడి వెనక్కి పోయి ఉంటే నేను ఒక్కన్నే వినిండేవాన్ని," అన్నారు. నాకు ఆయన మిగిల్చిపోయిన మాట అదే.

చేలోనే మా అత్త పక్కన ఆయన్ను పూడ్చాం. ఊరంతా వచ్చింది. మాట మానేసినవాళ్ళు కూడా వచ్చారు. నలుగురు పిల్లలూ వచ్చి గుంపు చివర నిలబడ్డారు. వాళ్ళ చుట్టూ ఎవరూ నిలబడలేదు. మట్టి వేసే ముందు ఆ అబ్బాయి మా ఇంటాయన దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే వినపడీ వినపడని గొంతుతో, "అన్నా, ఒక్కసారి అరవచ్చునా?" అని అడిగాడు.

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ఇంటాయన చేతిలో పార ఉంది. దాన్ని నేలకు ఆనించి, "అరుసప్పా. నాయనకు వినపడేటట్టు అరుసు," అన్నారు.

అతను నడుము వంచి అరిచాడు. మైకు లేదు, డ్రమ్ములు లేవు. ఆ అరుపు గుట్టకు తగిలి మళ్ళీ మా మీదికి వచ్చింది. దాని కింద ఎక్కడో అమ్మాయి గొంతు సన్నగా సాగింది. నా పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చేని అవతలి గట్టు మీద గొర్రెల మంద ఒకటి మోళ్ళు మేస్తోంది. ఆ కేకకు మందంతా ఒక్కసారిగా తలలెత్తింది. అరుపు ఆగింది. మేం మట్టి వేశాం, తలల మీద నీళ్ళు చల్లుకున్నాం, తుడుచుకుని ఇంటిదారి పట్టాం. నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక్క గొర్రె కూడా తల దించలేదు. అన్నీ అలాగే నిలబడి, ఆ కొత్తమట్టి వైపే చూస్తున్నాయి.